పెంపకపు చేపల ఆరోగ్యానికి విటమిన్లు కీలకం
పట్టు ప్యూపాల మేత వాడకంలో జాగ్రత్తలు అవసరం

బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో చేపల పెంపకానికి వర్షాధార చెరువులే ప్రధాన ఆధారం. ఈ చెరువులలో పెరిగే బొచ్చె, రోహు, మృగాల చేపలకు కావలసిన విటమిన్లు చాలావరకు నీటిలోని ప్లవకాల నుండే లభిస్తాయి. అయితే చిన్న కుంటలలోను, తొట్లలోను చేపలను దట్టంగా పెంచినప్పుడు సహజాహారం చాలదు. అప్పుడు మేతలో లేని విటమిన్‌ చేపకు సాధారణంగా చాలినంతగా అందదు.

చేపల పోషణలో 15 విటమిన్లకు ప్రాధాన్యం ఉంది. వీటిలో నీటిలో కరిగేవి 11 కాగా, కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు నాలుగు.

విటమిన్‌ సి: అధిక శాతం చేపలు దీనిని తమ శరీరంలో తయారు చేసుకోలేవు. ఇది లోపిస్తే వెన్నెముక వంకర తిరుగుతుంది, గాయాలు త్వరగా మానవు. సాధారణ విటమిన్‌ సి వేడికి, నిల్వకు నశిస్తుంది గనుక మేతలలో నిలకడగా ఉండే ఫాస్ఫేట్‌ రూపాన్ని కలుపుతారు.

బి విటమిన్లు: ఇవి లోపిస్తే చేపలు మేత మానడం, ఎదుగుదల మందగించడం జరుగుతుంది.

విటమిన్‌ ఇ: శరీరంలోని కొవ్వు చెడిపోకుండా కాపాడి, కండరాలను రక్షిస్తుంది. సాధారణ కార్పు చేపకు కిలో మేతలో ఇది సుమారు 100 మిల్లీగ్రాములు అవసరం.

పట్టు పరిశ్రమకు పేరొందిన ఈ ప్రాంతానికి విటమిన్‌ ఇ విషయం మరింత ముఖ్యమైనది. పట్టుదారం తీయగా మిగిలే ప్యూపాలను ఎండబెడితే వాటిలో సుమారు సగం మాంసకృత్తులు, దాదాపు నాలుగో వంతు కొవ్వు ఉంటాయి. ఇది చేపలకు మంచి మేతే అయినప్పటికీ, నిల్వలో కొవ్వు ముక్కిపోతే హాని చేస్తుంది. జపాన్‌లో ముక్కిన ప్యూపాలు తిన్న కార్పు చేపల వీపు కండరాలు కృశించిపోయాయి. ఈ వ్యాధిని విటమిన్‌ ఇ నివారించగలదని 1960వ దశకంలో అక్కడి శాస్త్రవేత్తలు నిరూపించారు.

కావున రైతులు తాజా ప్యూపాలను, లేదా నూనె తీసిన ప్యూపాల పొడిని మాత్రమే వాడాలి. తవుడు, వేరుశనగ చెక్కతో మేత తయారు చేసుకునేవారు అందులో విటమిన్‌-ఖనిజ మిశ్రమాన్ని కలపాలి. మేత బస్తాలను నేలకు తగలకుండా చెక్కలపై, తేమ, ఎండ సోకని చోట ఉంచి, తయారైన మూడు నెలలలోపు వాడుకోవాలి. ముక్క వాసన వచ్చినా, బూజు పట్టినా ఆ మేతను వాడరాదు. ఎ, డి విటమిన్లు మోతాదు మించితే హానికరం గనుక మత్స్యశాఖ అధికారుల సలహా పొందడం మేలు.

మేతల నాణ్యతను నియంత్రించేందుకు రాష్ట్రంలో 2020లో ఆంధ్రప్రదేశ్‌ చేపల మేత (నాణ్యత నియంత్రణ) చట్టం రూపొందింది.