హీలియం: ఆవిష్కరణ చరిత్ర

హీలియం రంగు, రుచి, వాసన లేని జడవాయువు. పరమాణు సంఖ్య 2. విశ్వంలో హైడ్రోజన్ తరవాత ఎక్కువగా ఉన్న మూలకం ఇదే. భూమి మీద దొరకడానికి 27 ఏళ్ల ముందే దీని జాడ సూర్యుడి వెలుగులో కనిపించింది. ఆ కథలో గుంటూరు, మచిలీపట్నం, కాకినాడ పేర్లు వస్తాయి.

పూర్వరంగం

సూర్యకాంతిని పట్టకంతో విడదీయవచ్చని 17వ శతాబ్దంలో న్యూటన్ చూపాడు. ఒక్కో మూలకానికి వర్ణపటంలో తనవైన గీతలు ఉంటాయని 1859-60లో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ నిర్ధారించారు.

1868 గ్రహణం

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా బంగాళాఖాతం దాటి సయాం వైపు సాగింది. కొన్నిచోట్ల సూర్యబింబం ఆరున్నర నిమిషాలకు పైగా పూర్తిగా మరుగుపడింది. గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎర్రగా కనిపించే జ్వాలలు దేనితో ఏర్పడ్డాయో వర్ణపటదర్శినితో తేల్చడానికి దొరికిన తొలి గొప్ప అవకాశం అది.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్ జాన్సెన్ గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట పరికరాలు అమర్చుకున్నాడు. బ్రిటిష్ మేజర్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే విడిది చేసింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం చేరాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తి నుంచి గ్రహణాన్ని పరిశీలించాడు. అంతకు ముందటి ఏడాది ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్న సమర్థుడు ఆయన.

జ్వాలల వర్ణపటంలో హైడ్రోజన్ గీతలు స్పష్టంగా కనిపించాయి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని జాన్సెన్‌కు తోచింది. మర్నాడు ఉదయం మామూలు ఎండలోనే వాటిని చూసి తన ఊహను రుజువు చేశాడు. తరవాత రెండు వారాలకు పైగా గుంటూరులోనే ఉండి పరిశీలనలు కొనసాగించాడు. ఈ సంగతి తెలుపుతూ సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్‌కు లేఖ రాశాడు.

అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఇదే పద్ధతిని సొంతంగా సాధించాడు. జీవనోపాధికి యుద్ధ శాఖలో గుమాస్తాగా పనిచేస్తూ ఖగోళ శాస్త్రం మీద మమకారంతో పరిశోధన చేసినవాడు లాకియర్. ఇద్దరి వార్తలూ ఫ్రెంచి సైన్సు అకాడమీకి ఒకే రోజున అందాయి. అకాడమీ ఇద్దరి ముఖచిత్రాలతో ఒకే పతకం ముద్రించి ఇద్దరినీ సమానంగా గౌరవించింది.

పసుపు గీత

హీలియాన్ని జాన్సెన్ గుంటూరులో కనుగొన్నాడని తరచూ రాస్తుంటారు. ఇది పూర్తిగా సరికాదు. గ్రహణ వేళ జ్వాలల వర్ణపటంలో హీలియానికి గుర్తయిన పసుపు గీతను చూసినవారిలో పోగ్సన్ ఉన్నాడు. జంఖండిలో పరిశీలించిన జాన్ హెర్షెల్ దాన్ని సోడియం గీతగానే భావించాడు. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. కొత్త గీత స్థానం 587.6. అది సోడియంది కాదని పట్టుబట్టి వాదించినవాడు లాకియర్. గ్రీకు భాషలో సూర్యుడికి ఉన్న 'హీలియోస్' అన్న పేరు మీదుగా ఆ మూలకం 'హీలియం' అయింది. లోహమై ఉంటుందని తలచడం వల్ల సోడియం, పొటాషియం పేర్లలోని అంత్యమే దీనికీ వచ్చింది. గుంటూరుకు న్యాయంగా దక్కవలసిన ఖ్యాతి పద్ధతిది: సూర్యజ్వాలల అధ్యయనానికి గ్రహణం కోసం ఎదురుచూసే అవసరం అక్కడే తీరింది.

భూమి మీద

1895 మార్చిలో లండనులో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంతో కలిపి వేడిచేశాడు. అతను వెతుకుతున్నది ఆర్గాన్. వెలువడిన వాయువులో సోడియంతో సరిపడని పసుపు గీత కనిపించింది. నమూనాలు అందుకున్న క్రుక్స్, లాకియర్ అది సూర్యుడిలోని గీతేనని ధ్రువపరిచారు. అదే ఏడాది స్వీడన్‌లో క్లీవ్, లాంగ్లెట్ విడిగా ఈ వాయువును రాబట్టి దాని పరమాణు భారం కొలిచారు. ఖనిజంలో ఈ వాయువు ఎలా చేరిందన్న ప్రశ్నకు రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ చక్కని ప్రయోగంతో జవాబిచ్చారు. యురేనియం వంటి మూలకాల నుంచి వెలువడే ఆల్ఫా కణాలు ఆవేశం కోల్పోయాక హీలియం పరమాణువులేనని వారు 1909లో ప్రకటించారు.

1905లో అమెరికాలోని కాన్సస్‌లో కేడీ, మెక్‌ఫార్లండ్ ఒక సహజవాయు బావిలో 1.84 శాతం హీలియం ఉన్నట్టు తేల్చారు. దానితో వాణిజ్య ఉత్పత్తికి దారి ఏర్పడింది.

అతిశీతల భౌతికం

1908 జులై 10న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ హీలియాన్ని ద్రవంగా మార్చాడు. ఇది 4.2 కెల్విన్ వద్ద, అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఆ చలిలో పాదరసం విద్యుత్ నిరోధాన్ని పూర్తిగా కోల్పోతుందని 1911లో ఓనెస్ ప్రయోగశాలలో బయటపడింది. ఇదే అతివాహకత. 2.17 కెల్విన్‌కు దిగువన ద్రవ హీలియం ఏ జిగటా లేకుండా ప్రవహిస్తుందని 1938లో కపిట్సా, అలెన్, మైజెనర్ ప్రకటించారు.

వైద్యం, రసాయనం

హీలియం గాలి కంటే సుమారు ఏడు రెట్లు తేలిక. ఇరుకైన శ్వాసనాళాల్లో సులువుగా సాగుతుంది. ఆల్వన్ బరాక్ 1934 నుంచి ఉబ్బసం రోగులకు హీలియం, ఆక్సిజన్ మిశ్రమాన్ని వాడి చూశాడు. 1980ల నుంచి ఎంఆర్ఐ యంత్రాల అతివాహక అయస్కాంతాలను చల్లబరచడానికి ద్రవ హీలియం తప్పనిసరైంది.

దేనితోనూ కలవదనుకున్న ఈ మూలకం సోడియంతో చేరి స్థిరమైన సమ్మేళనం ఏర్పరుస్తుందని 2017లో వెల్లడైంది. దానికి భూ వాతావరణ పీడనానికి పది లక్షల రెట్లకు మించిన పీడనం కావాలి.

గాలిలో హీలియం పది లక్షల పాళ్లలో ఐదు పాళ్లు మాత్రమే. వాడి వదిలేసిన వాయువు క్రమంగా అంతరిక్షంలోకి పోతుంది, తిరిగి రాదు.