కేతేపల్లి దారిలో ‘పికప్’

హైదరాబాదు–విజయవాడ రహదారిపై నకిరేకల్లు దాటి సూర్యాపేటకు పోవువారికి త్రోవలో తగులు కేతేపల్లి ప్రాంతమున, కొర్లపహాడు టోల్‌గేటు కడ బారులు తీరిన లారీల నడుమ కాసేపు చెవియొగ్గి నిలిచినచో, ‘పికప్’ అను ఆంగ్లశబ్దము పలువేషములలో వినవచ్చును. “లోడు మీద బండికి పికప్ లేదు” అని డ్రైవరు విసుగుకొనును. కూరగాయలు తెచ్చిన చిన్నబండి పేరే పికప్. “పండుగ సంది గిరాకి పికప్ అందుకున్నది” అని హోటలువాడు సంతసించును.

‘పిక్’కు ‘అప్’ను చేర్చినట్లు, క్రియకు చిన్న అవ్యయమును తగిల్చి క్రొత్త యర్థమును పుట్టించు నీ పద్ధతి పరదేశీయులను మిక్కిలి తికమకపెట్టునని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించెను. అయినను ఇట్టి క్రియలకు ‘ఫ్రేజల్ వర్బ్’ అను పేరు వ్యాప్తిలోనికి వచ్చుటకు లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో వెలువరించిన గ్రంథము వఱకు ఆగవలసివచ్చినది. ఆ పేరు సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ యని స్మిత్తే చెప్పియున్నాడు.

తెలుగున నవ్యయమునకు బదులు మఱియొక ధాతువే వెనుక చేరును. చూడబడు, తెలిసికొను వంటి రూపములలో రెండవ ధాతువును మన వ్యాకర్తలు అనుప్రయుక్తమనిరి. నామమునకు ‘చేయు’ చేర్చి క్రియ నొనర్చుటయు మనకు పాతయలవాటే. కనుకనే నైజాము రాజ్యమున మొదట పారసీకము, 1884 నుండి ఉర్దూ అధికారభాషలుగా నుండగా కచ్చేరీలనుండి ఊళ్లకు దిగిన మాటలు దాఖలు చేయు, జప్తు చేయు, షురూ చేయు అని యీ మూసలోనే ఒదిగినవి. ఉర్దూలోనూ ‘కర్నా’ చేర్చు పద్ధతి యుండుట యీ రాకపోకలకు తోడ్పడియుండును. కాని మూస మాత్రము మనదే యని నా తలంపు.

‘పికప్’ కూడ ఈ మూసలోనే ‘పికప్ చేయు’ అయినది. ఆంగ్లమున కాలమును తెలుపు ప్రత్యయము ‘పిక్’పై నిలువగా, తెలుగున ఆ జంట విడదీయరాని యొక్క నామమై, కాలమును పురుషను వచనమును మోయు బరువంతయు ‘చేయు’పై బడినది. ఇంతకంటె సూక్ష్మమైన సంగతి యొకటి కలదు. బస్టాండు కడ నిలిచిన చుట్టమును మనము “పికప్ చేసుకుందుము”. ఇంటికడ “డ్రాప్ చేయుదుము”. మొదటిదానికి ‘కొను’ ఏల? తనవద్దకు తెచ్చుకొను పనికి ఆత్మార్థము తోచును, విడిచివచ్చు పనికి తోచదు. ఎక్కించుకొనుట, దింపుట అను మన జంటలోనూ ఇదే వివేకము. ఏ బడిలోను నేర్పని యీ విభాగమును చదువురాని క్లీనరు సైతము తప్పడు!

హోటలువాని మాట యింకను చిత్రము. ‘పికప్’లోనే చేతికెత్తుకొను నర్థముండగా, దానికి మరల ‘అందుకొను’ను జోడించినాడు, ఒక పనికి రెండు క్రియలు పూనినవి, గిరాకి మాత్రము పెరిగినది.