మోట పోయి ఇంజన్, ఇంజన్ పోయి మోటర్

ఇయ్యాల మన మోత్కూర్ దిక్కు బాయిల ముచ్చట. మొదట ఎడ్లను కట్టి మోట కొట్టేటోళ్లు. తర్వాత ఆయిల్ ఇంజన్ వచ్చింది. లివర్ ఎత్తిపట్టి, హ్యాండిల్ గిరగిరా తిప్పి, వేగం అందుకోగానే లివర్ వదలాలె. లోపల గాలి ఒత్తిడికి వేడెక్కి డీజిల్ అంటుకుంటది. స్పార్క్ ప్లగ్ ఉండదు. డీజిల్ ఉంటే ఎప్పుడైనా నీళ్లే.

కరెంటు మోటర్‌కు స్టార్టర్ బటన్ నొక్కితే చాలు. కానీ మూడు ఫేజుల్లో ఒకటి పోతే వైండింగ్ కాలుతది. కరెంటు అర్ధరాత్రి వస్తే రైతు చీకట్లనే పోవాలె. 2004లో ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా వచ్చినయి. అప్పుడు సర్కారు ఆటో స్టార్టర్లు తీసెయ్యమన్నది. ఎందుకంటే మోటర్ ఆగకుంటే బోరు ఎండుతది. ఇంజన్ కాలంల డీజిల్ ఖర్చే నీళ్లకు కాపలా. ఇప్పుడు ఆ కాపలా మనమే.