ఊరు పోయి పేరు మిగిలింది

యానాం నుంచి కాకినాడ వెళ్లే దారిలో తాళ్లరేవు దాటాక కోరంగి వస్తుంది. ఇప్పుడు మడ అడవులకు పేరుపడిన ఆ ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789 డిసెంబరులో సముద్రం మూడు పెద్ద కెరటాలుగా వచ్చి ఊరిని ముంచేసింది. సుమారు 20 వేలమంది పోయారని హెన్రీ పిడింగ్టన్ రాశాడు. ‘సైక్లోన్’ అన్న మాట పుట్టించిన వాడాయనే. 1839 నవంబరులో మరో ఉప్పెన వచ్చింది. రేవు ఒండ్రుతో పూడిపోయింది. ఓడలు కాకినాడకు మళ్లాయి.

ఊరు చితికినా పేరు సముద్రం దాటింది. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ‘రంగం’ వెళ్లిన కూలీలను, వాళ్లది ఏ ఊరైనా సరే, బర్మాలో ‘కోరంగీలు’ అనేవారు. రంగూన్ రేవులో బరువులు మోసింది ఎక్కువగా వీళ్లే. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మీయులను పనిలోకి దించి, సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నారు. పేదవాళ్లూ పేదవాళ్లూ కొట్టుకు చచ్చారు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. ఓడలో చోటు దొరకనివాళ్లు 1942లో కొండలూ అడవులూ దాటి కాలినడకన అస్సాం, మణిపూర్, చిట్టగాంగ్ వైపు సాగారు. ఇండియా చేరినవాళ్లు నాలుగైదు లక్షలని అంచనా. కలరాకూ ఆకలికీ దారిలోనే రాలిపోయినవాళ్లకు సరైన లెక్కే లేదు.

యుద్ధం ముగిశాక కొందరు తిరిగి వెళ్లారు. 1962లో నే విన్ సైనిక పాలన వచ్చింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు. 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. మనవాళ్లు మళ్లీ ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు, చెన్నైలో బర్మా బజారు ఆ రాకకు గుర్తులు.

అక్కడ తరాలు గడిచినా వాళ్లు కోరంగీలే. ఇక్కడికొస్తే బర్మావాళ్లయ్యారు. ఎక్కడున్నా, విడిచి వచ్చిన చోటి పేరుతోనే పిలిపించుకున్నారు. తెలుగునాటికి అవతల ఉంటున్న మనకు ఇది కొత్త అనుభవమేమీ కాదు కదా! అయితే వాళ్ల అసలు ఊళ్ల పేర్లేమిటని మనలో ఎంతమందిమి అడిగాం? 1964 నాటి ఓడ ప్రయాణం చిన్నప్పుడు చేసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ ఊళ్ల పేర్లు, రంగంలో వాళ్లున్న వీధుల పేర్లు అడిగి రాసిపెట్టుకుందాం. ఆలస్యం చేస్తే చెప్పేవాళ్లుండరు.