మలీద బొమ్మ ఎవరు గీస్తారు?

కాప్రాలో మేం అద్దె ఇల్లు వెతుక్కున్న రోజుల్లో గేటు గేటుకీ ఒకటే ప్రశ్న. పేరు చెప్పగానే 'మీరు మాంసం వండుతారు కదా!' అనేవాళ్లు. అలా అన్నవాళ్లలో ఆదివారం ఆదివారం మటన్ షాపు ముందు నిలబడేవాళ్లూ ఉన్నారు. మా వంటింట్లో బిర్యానీ, హలీం తప్ప ఇంకేమీ ఉడకదని వాళ్ల నమ్మకం. చదువుకున్నవాళ్లది ఇంకో ప్రశ్న. 'మీ మతంలో బొమ్మలు గీయకూడదటగా, మరి మీకు చిత్రకళ ఎక్కడిది?'

ఈ రెండు ప్రశ్నలకీ ఒకే పుస్తకం జవాబు చెబుతుంది. అది నీమత్‌నామా. మాండూ కోట నుంచి మాల్వా రాజ్యాన్ని 1469 నుంచి 1500 దాకా ఏలిన సుల్తాన్ గియాస్ షా రాయించిన వంటల పుస్తకం. కొడుకు నాసిర్ షా కాలంలో పూర్తయింది. అందులో 50 బొమ్మలున్నాయి. యుద్ధాలు గెలిచిన రాజుల బొమ్మలు మనం చాలా చూశాం. ఇక్కడి సుల్తాన్ మాత్రం మీసాలతో, తీరిగ్గా కూచుని వంట చూస్తుంటాడు. చుట్టూ ఆడవాళ్లు సమోసాలు చేస్తుంటారు, షర్బత్ కలుపుతుంటారు, మిఠాయి తయారు చేస్తుంటారు. పొయ్యి మీద గిన్నె, గిన్నె ముందు మనిషి. చిత్రకారుడికి అదే దర్బారు.

ఆ బొమ్మల్లో మేం చూసే చరిత్ర ఇంకోటుంది. మొదటి బొమ్మల్లో ఇరాన్‌లోని షీరాజ్ చిత్రకళ పోలికలు బాగా కనిపిస్తాయి. పేజీలు తిప్పేకొద్దీ ముఖాలు, బట్టలు ఇక్కడివైపోతాయి. రాత కూడా అంతే, ఫారసీలో హిందవీ మాటలు కలిసిపోయాయి. 'మీరు ఎక్కడివాళ్లు?' అని మమ్మల్ని అడిగేవాళ్లు ఈ పేజీలు వరసగా చూస్తే చాలు. బయటినుంచి వచ్చిన గీత ఇక్కడి పొయ్యి దగ్గర ఇక్కడిదైపోయింది.

కానీ ఆ పుస్తకం మన దగ్గర లేదు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిపూ సుల్తాన్ గ్రంథాలయం ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. దాంతోపాటే నీమత్‌నామా కూడా పోయింది. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

తిండి బొమ్మలు రాజుల సరదా మాత్రమే అనుకోనక్కర్లేదు. అమెరికాలో వేన్ థీబో అనే చిత్రకారుడు (1920-2021) కుర్రతనంలో హోటల్లో పనిచేశాడు. 1960ల మొదట్లో అద్దాల బీరువాల్లో వరసగా పెట్టిన కేకుల్ని, పై అనే తీపి వంటకం ముక్కల్ని గీశాడు. కేకు మీద క్రీము పూసినట్టే కాన్వాసు మీద రంగు మందంగా పూశాడు. ఇప్పుడు వాటిని పెద్ద పెద్ద మ్యూజియాల్లో పెట్టారు. అందరూ తిన్నదే, ఎవరూ బొమ్మకి పనికొస్తుందనుకోనిదే ఆయన గీశాడు. ఒక దేశం తన తీపిని తానే చూసుకుంది.

మరి మా తీపి సంగతి? కాప్రాకి దగ్గర్లోనే మౌలాలి గుట్ట ఉంది. రజబ్ నెల 17న అక్కడ ఉర్సు జరుగుతుంది. గుట్టెక్కేవాళ్లలో ముస్లింలే కాదు, హిందువులూ ఉంటారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండక్కి కూడా అంతే. పీరు ముందు పెట్టేది మలీద. రొట్టెని చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్ద కడతారు. 'మలీదా' అంటే ఫారసీలో నలిపింది అని అర్థం. అదే మలీద ముద్ద సద్దుల బతుకమ్మ నాడు తంగేడు పూల పక్కన నైవేద్యంగా ఉంటుంది. బతుకమ్మ పాడే అక్క ఫారసీ మాట పలుకుతున్నానని అనుకోదు. పీరుకి మొక్కే మా నానీమా తెలంగాణ బెల్లం కలుపుతున్నానని అనుకోలేదు. ఇద్దరి చేతులూ ఒకేలా నలిపాయి.

ఇప్పుడు రెండు వైపులనుంచీ దెబ్బ పడుతోంది. మావాళ్లలోనే కొందరు ఫాతెహా తప్పు, మలీద పెట్టడం తప్పు అంటున్నారు. అవతల ఇంకొందరు తురకల పండగ మనకెందుకని పీర్ల దగ్గరికి రావద్దంటున్నారు. ఇద్దరూ లాక్కుంటున్నది ఒకే ముద్దని. హైదరాబాదీ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ హలీం మమ్మల్ని మీకు వేరుగా చూపిస్తుంది. మలీద మనల్ని కలిపి చూపిస్తుంది. అందుకేనేమో దాని ఊసు ఎవరూ ఎత్తరు.

సుల్తాన్ వంటింటికి చిత్రకారులు దొరికారు, కేకుకీ దొరికాడు. నానీమా అరచేతిలోని ముద్దకి ఇంకా దొరకాలి. మా పిల్లల్లో బొమ్మలు గీసేవాళ్లకి మేం చెప్పేది ఒకటే. చార్మినార్ చాలామంది గీశారు. మీరు మలీద గీయండి. గీసి, మాకు ఇల్లివ్వనన్న ఆ ఇంటాయనకి చూపించండి. బతుకమ్మ నాడు ఆయన ఇంట్లోనూ ఆ ముద్దే ఉంటుంది.