ఊరిని చదువు విద్య: నంద్యాల, ఆళ్లగడ్డల భూగోళము

బడిలో భూగోళశాస్త్రమనగానే గోడకు వ్రేలాడు పటమును, దానిమీద ఉపాధ్యాయుని బెత్తము చూపు నదులును, పర్వతములును, రాజధానుల పేళ్లును మనస్సున మెదలుట సహజము. కాని తాను పుట్టిన పట్టణము అచ్చటనే ఏల వెలసినది, ఏ నీరు దానిని పోషించినది, ఏ బాట దానిని పెంచినది అని విద్యార్థిచేత అడిగించు నగర భూగోళము కూడ ఆ శాస్త్రమున ఒక శాఖయే. నల్లమల, ఎర్రమల కొండల నడుమ, కుందూనది పారు నల్లరేగడి నేలలో నెలకొన్న నంద్యాలయు, ఆళ్లగడ్డయు ఆ శాఖకు చక్కని పాఠములు కాగల ఊళ్లు.

ఈ సీమను శ్రద్ధగా పరిశీలించి వ్రాసినవారిలో నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు చిరస్మరణీయులు. 1872లో 'శ్రీరంగరాజ చరిత్ర'ను ప్రకటించి తెలుగు నవలకు తొలి అడుగు వేసినవారిలో ఒకరైన ఈ డిప్యూటీ కలెక్టరుగారే 1886లో కర్నూలు జిల్లా మాన్యువలును కూర్చిరి. అది పాలకుల అవసరమునకై పుట్టిన గ్రంథమే యైనను, ఒక ప్రాంతమును తెలిసికొనగోరువాడు నేలను, నీటిని, జనమును కలిపి చూడవలెనను సత్యమును నేటికిని బోధించుచున్నది. తరువాత 1915 ప్రాంతమున స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ గెడ్డెస్ మద్రాసున నగర ప్రదర్శనము జరిపి, మనకు పొరుగుననున్న బళ్లారి మొదలుగాగల పట్టణములను పరిశీలించి నివేదికలు వ్రాసెను. నాడి చూడక మందీయని వైద్యునివలె, వీథులు తిరిగి చూడక పట్టణమును చక్కదిద్దబూనరాదని ఆయన మతము. 1920లో మద్రాసు ప్రెసిడెన్సీకి పట్టణ ప్రణాళికా చట్టము వచ్చెను, 1926లో ఎన్. సుబ్రహ్మణ్యంగారి పూనికతో మద్రాసు భౌగోళిక సంఘము వెలసి, భూగోళ బోధనకు ఒక వేదిక నేర్పరచెను.

ఈ దృష్టితో నంద్యాలను చదువుదము. నవనందులను తొమ్మిది శివాలయములలో ప్రథమనంది, నాగనంది, సోమనంది పట్టణమునందే కలవు. చామకాలువ గట్టున ప్రథమనందీశ్వరుని గుడి ముందు నిలిచిన బాలునకు, గుడియు నీరును ఎట్లు జతపడి ఊరికి నాంది పలుకునో వేరుగ చెప్పనక్కరలేదు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన తన 'కళాపూర్ణోదయము'ను నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చెను. అనగా నాటికే ఈ ఊరి పేరు ఒక రాజవంశమునకు ఇంటిపేరై కావ్యలోకమున నిలిచియుండెను.

ఆధునిక నంద్యాలను తీర్చినవి కాలువయు, రైలును. తుంగభద్రపై సుంకేశుల ఆనకట్టనుండి కడప వరకు మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో త్రవ్వనారంభించిన కర్నూలు-కడప కాలువను, జనులు నేడు కె.సి. కెనాలని పిలుచుదానిని, 1882లో ప్రభుత్వము కొనెను. సేద్యమునకే కాక పడవల రాకపోకలకును ఉద్దేశింపబడిన ఆ కాలువ, వానమీదనే ఆశపెట్టుకొన్న రేగడిలో వరిమడులను నిలిపెను. ఆ శతాబ్ది చివర గుంతకల్లునుండి రైలుమార్గము వచ్చుటతో ప్రత్తి, ధాన్యము దూరపు బజారులకు దారి కనుగొనెను. 1899లో పురపాలక సంఘము, 1906లో వ్యవసాయ పరిశోధన క్షేత్రము ఏర్పడెను. 'నరసింహ' ప్రత్తి వంగడము ఆ క్షేత్రపు బిడ్డయే. నీరు పంటను, పంట బజారును, బజారు రైలును, రైలు మరల జనమును రప్పించిన ఈ గొలుసును ఒకసారి గ్రహించిన విద్యార్థి, 2011 జనాభా లెక్కలలో రెండు లక్షలు దాటిన సంఖ్యను ఉత్త అంకెగా చూడడు. 2022 ఏప్రిలు 4న నంద్యాల జిల్లా కేంద్రమగుటయు అతనికి ఆకస్మికముగ తోపదు.

ఆళ్లగడ్డ పాఠము వేరు. అహోబిల యాత్రికులకు విడిదియై, కర్నూలు-కడప బాటమీద నిలిచిన ఈ ఊరిని రాయి ప్రసిద్ధము చేసినది. దారి ప్రక్క శిల్పుల పనివాటికలవద్ద ఒక గడియ నిలువుడు: రాతిపై గీచిన గీతల వెంబడి ఉలి నడచుచుండును, సుత్తె తాళము వేయుచుండును, తెల్లని రాతిపొడి శిల్పి కనురెప్పలపై వ్రాలుచుండును, సగము రాయిగను సగము దేవుడుగను ఉన్న విగ్రహము చెంత, పనిపూర్తియైన నంది లారీకై వేచియుండును. ఆ లారీ ఏ ఊరి గుడికి పోవుచున్నదో అడిగి తన పటముపై గీత గీచిన బాలుడు, ఒక చిన్న పట్టణపు ప్రభావక్షేత్రమనగా నేమో అప్పుడే నేర్చికొనును.

2014లో వెలువడిన పదవ తరగతి సాంఘిక శాస్త్ర గ్రంథమున నివాస ప్రాంతములకు ఒక పాఠము చోటిచ్చుటయు, ఇంటర్మీడియటులో భూగోళము ఐచ్ఛిక విషయముగ నుండుటయు హర్షింపదగినవే. కాని ఆ విద్య పరీక్షపత్రముతో ముగియరాదు. 2019 సెప్టెంబరు వానలకు కుందూ, మద్దిలేరు పొంగి నంద్యాల పల్లపు వీథులలో నీరు నిలిచినప్పుడు, ఆ నీరు దారి తప్పి రాలేదు; తన పాత దారినే వెదకుకొని వచ్చినది. ఆ దారి యేదో తెలిసిన తరము పెరిగి పెద్దదై పట్టణమును పాలించునాడు, వాగు గట్టుమీద ఇల్లు కట్టబోవు పొరుగువాని చేయిపట్టి ఆపగలదు. అందుకే మన బడిపిల్లలను ఒక్కనాడైన కుందూ వంతెనమీదికి తీసికొనిపోయి నిలుపవలెను. పటము చేతికిచ్చి, ముందు నీటిని చూడుమనవలెను.