ఎరుకలవారు – చోరాపవాదము

మనలోని శాఖల పేళ్లను మొదట గమనింపుడు. ఉప్పు ఎరుకలవారు, దబ్బ ఎరుకలవారు, కుంచె ఎరుకలవారు, కరివేపాకు ఎరుకలవారు. ఇవి యన్నియు బ్రతుకుతెరువునుబట్టి వచ్చిన పేళ్లు. అట్టివారు పుట్టుకచేతనే దొంగలని ప్రభుత్వపు కాగితములలో నెట్లు వ్రాయబడిరో విచారించుట యీ వ్యాసోద్దేశము.

ఉప్పు ఎరుకలవారు సముద్రతీరపు కొఠారులయొద్ద ఉప్పు కొని, గాడిదలపైనను ఎద్దులపైనను పెరికలు వేసి, బండి నడువని పల్లెలకు సయితము చేర్చి, ధాన్యమునకు మార్చుకొనుచుండిరి. సంసారము సంసారమే యా బిడారువెంట నడచుచుండెను. పిమ్మట రైలు వచ్చెను. నిజాము రాష్ట్రమున 1888లో డోర్నకల్లుమీదుగా సింగరేణి గనులవరకును, 1889లో బెజవాడవరకును ఇనుపదారి పడెను. మన ప్రాంతపు బొగ్గును మోయుటకు వచ్చిన యా దారియే మనవారి పెరికలను దింపించినది.

అయినను నా యభిప్రాయమున రైలుకంటె ధాత కరువే యెక్కువ చెరుపు చేసినది. రైలు స్టేషనువరకే పోవును. ఆవలి పల్లెలకు గాడిద కావలసినదే. 1876–78 సంవత్సరముల కరువులో మేతలేక పశువులు చచ్చెను. పెరిక మోయు పశువు లేని వర్తకునికి వర్తక మెక్కడిది? తరువాత 1882 నాటి మద్రాసు అడవి చట్టమువలన వెదురు నరుకుటకును, పశువులను మేపుటకును అడ్డంకులు కలిగెను. గంపలల్లువానికి దబ్బయు దొరకదాయెను.

అప్పుడు కొందరు దొంగిలించిరి. దీనిని దాచి చరిత్ర వ్రాయరాదు. మృచ్ఛకటికమునందు కన్నము వేసిన శర్విలకుడు బ్రాహ్మణుడు. తత్కారణమున బ్రాహ్మణు లందరిని ఠాణాకు రమ్మన్నవారు లేరు! మనకు మాత్రము అదియే జరిగెను. 1871లో ఉత్తరహిందూస్థానమున మొదలైన క్రిమినల్ ట్రైబ్సు శాసనము 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వ్యాపించెను. వ్రేలిముద్రలు, ఊరు దాటుటకు చీటీ, రాత్రివేళ హాజరు. బొగ్గుబావిలో మస్టరు పడిననాడు కూలి గలదు. ఆ హాజరునకు కూలి లేదు, తప్పినచో శిక్ష గలదు. తిరుగుటయే వృత్తియైనవానికి తిరుగుట నేరమైనచో, వాడు దేనితో బ్రతుకవలెను? నేరమును మాన్పుటకు వచ్చిన చట్టము మిగిలిన నాలుగు వృత్తులను గూడ మూసివేసినది.

బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున స్టువార్టుపురము వెలసెను. భూమి యిచ్చిరి గాని యది పలువురకు చాలినది కాదు. అనేకులు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలీలైరి. జన్మచోరులని పేరుపడినవారే క్రమము తప్పక పనికి బోయిరి. దీనికి మించిన సాక్ష్యము నాకు కనబడదు.

ఆ చట్టము మద్రాసులో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదిని రద్దయ్యెను. పేరు మాత్రము కొన్ని నోళ్లలో నేటికిని రద్దుకాలేదు.

స్టువార్టుపురము, కప్పరాళ్లతిప్ప, సిద్ధాపురము సెటిల్మెంటులలో బాల్యము గడపినవా రిప్పు డెనుబదియేండ్లు దాటియుందురు. వారి బంధువులు గోదావరిఖని, రామగుండము ప్రాంతముల నున్నయెడల, ఆ వృద్ధులు చెప్పునది వ్రాసి, పాత చీటీలున్న నకళ్లు తీసి, రాబోవు సంచికకు పంపవలయునని సభ్యులను, పోషకులను వేడుచున్నాను.